కాయా? పుండా?

చెన్నపట్నం మౌంట్ రోడ్డులో సర్ థామస్ మన్రో కంచు గుర్రమెక్కి కూర్చొని ఉంటాడు. ఫ్రాన్సిస్ చాంట్రీ అనే ఇంగ్లండు శిల్పి చేసిన విగ్రహం, 1839లో అక్కడ నిలబెట్టారు. గుర్రానికి జీను లేదు, రికాబులు లేవు. శిల్పి మర్చిపోయాడని కొందరంటారు, కావాలనే వదిలేశాడని కొందరంటారు. మన్రో మా సీమకు పరాయివాడేం కాదు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా ఇక్కడంతా తిరిగాడు. గవర్నరయ్యాక, పదవి దిగిపోయే ముందు ఈ జనాన్ని ఇంకోసారి చూసిపోదామని వచ్చి 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్న ప్రాంతం ఇది. అన్నేళ్లు గుర్రాల మీద తిరిగిన మనిషికి జీను విలువ తెలియకుండా ఉండదు. జీను లేకుండా, అంత నిటారుగా, మొహంలో ఒక్క ముడత లేకుండా కూర్చోవడం కంచుకే చెల్లింది.

నరమూ చర్మమూ ఉన్నవాళ్ల సంగతి వేరు. అందులోనూ మామూలు సైకిల్ దిగి ట్రయథ్లాన్ సైకిల్ ఎక్కినవాళ్ల సంగతి మరీ వేరు.

ఈతా, సైకిలూ, పరుగూ మధ్యలో ఆగకుండా ఒకదాని వెంట ఒకటి చేసే పోటీ ట్రయథ్లాన్. అమెరికాలో శాన్ డియాగో దగ్గర మిషన్ బేలో 1974 సెప్టెంబరు 25న మొదలైంది. 1978 ఫిబ్రవరిలో హవాయి దీవుల్లో దాన్ని సాగదీసి ‘ఐరన్‌మ్యాన్’ అన్నారు: సముద్రంలో 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆ తర్వాత నిండు మారథాన్. ఆ రోజు 15 మంది బయల్దేరితే 12 మంది చివరిదాకా వచ్చారు. సిడ్నీలో 2000లో ఒలింపిక్స్‌లోకీ చేరింది. ఐరన్‌మ్యాన్‌లో సగం దూరం పోటీ 2019 నుంచి గోవాలో జరుగుతోంది. హైదరాబాద్, బెంగళూరు ఉద్యోగస్తులు ఏడాదంతా దానికి తయారవుతుంటారు. ఆ గాలి కర్నూలు జిల్లాలోని మా హాలహర్వి దాకా వీచడం కాస్త విడ్డూరమే. ఈత సంగతైతే అడక్కండి. తుంగభద్ర దిగువ కాలువ మా మండలం మీదుగానే పోతుంది గానీ, నీళ్లు వదిలినప్పుడు దాంట్లో దిగేవాడికి ఇంటిమీద ఆశ లేనట్టే. రోడ్డు మాత్రం ఉంది. ఆలూరు మీదుగా బళ్లారి వైపు పోయే 167వ నంబరు జాతీయ రహదారి తెల్లవారుజామున లారీలు పలచబడ్డప్పుడు నేలబారుగా, నల్లరేగడి మధ్య గీత గీసినట్టు కనిపిస్తుంది. బెంగళూరులో ఒకాయన వాడి వదిలేసిన ట్రయథ్లాన్ సైకిల్ తెచ్చుకొని నేను తొక్కేది ఆ రోడ్డు మీదే.

ఈ సైకిల్‌కు హ్యాండిల్ పైన ముందుకు చాచిన రెండు కడ్డీలుంటాయి. ఏరో బార్లు అంటారు. మోచేతులు మెత్తల మీద ఆనించి, చేతులు ముందుకు చాపి, వీపు నేలకు సమాంతరంగా పరిచి తొక్కాలి. ఎందుకింత అవస్థ అంటే, గాలి కోసం. చదునైన రోడ్డు మీద గంటకు ముప్పై కిలోమీటర్లు దాటిన వేగంలో సైకిల్ తొక్కేవాడి శక్తిలో సింహభాగం గాలిని చీల్చడానికే పోతుంది, ఆ గాలికి అడ్డుపడేది సైకిల్ కన్నా మనిషి ఒళ్లే. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలు, దాన్ని తోసుకుపోయే శక్తి ఎనిమిదింతలు కావాలి. ఆషాఢంలో పడమటి గాలికి ఎదురు తొక్కిన మా ప్రాంతపు పాలవాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు. క్యాన్ల మధ్య వాళ్లూ అలాగే ఒళ్లు ముడుచుకుంటారు.

చిక్కంతా నడుం కింద మొదలవుతుంది. మామూలు రోడ్డు సైకిల్‌లో సీటు గొట్టం 72 నుంచి 74 డిగ్రీల వాలులో ఉంటుంది. కూర్చున్నప్పుడు బరువు పిరుదుల కింది రెండు ఎముకల మీద పడుతుంది. అవి దేవుడు అందుకే పెట్టిన ఎముకలు, బరువు మోస్తాయి. ట్రయథ్లాన్ సైకిల్‌లో ఆ గొట్టం 76 నుంచి 80 డిగ్రీల దాకా నిలువుగా లేస్తుంది. సీటు ముందుకొస్తుంది. మోచేతుల మీదికి వంగేసరికి కటి మొత్తం ముందుకు దొర్లుతుంది. అప్పుడా రెండు ఎముకలూ గాల్లోకి లేస్తాయి. బరువంతా తొడల నడుమ, సీటు ముక్కు మీదికి వస్తుంది. అక్కడున్నది మెత్తని కండ, నరాలు, నెత్తురు పారే సన్నని నాళాలు. మనిషిని పుట్టించినవాడు ఆ చోటును బరువు మోయడానికి ఉద్దేశించినట్టు ఎక్కడా కనిపించదు.

కాబట్టి పాత సైకిల్ మీద వంద కిలోమీటర్లు హాయిగా తొక్కినవాడు కొత్తదాని మీద పది కిలోమీటర్లకే సీటు మీద అటూ ఇటూ కదలడం మొదలుపెడతాడు. కాళ్లకు సత్తువ లేక కాదు. కూర్చోలేక. ఆలూరు రోడ్డు పక్కన టీ అంగడి ముందు కూర్చునే ఒక పెద్దాయన నన్ను కొన్నాళ్లు గమనించి ఒకరోజు అడిగేశాడు: “ఏమప్పా, ఇంత దుడ్డు పెట్టి సైకిల్ కొని, నిలబడి తొక్కుతాండావే? సీటు పీకి ఇంట్లో పెట్టి రాకూడదా?”

పక్కనున్న ఇంకొకాయన జాలిపడ్డాడు. “అలవాటైతాది లేప్పా. యాడికి పోతాది!”

ఈ రెండో మాటే నాకు ఎక్కువ పని పెట్టింది. అలవాటైతాది అనేది ఈ నేల మీద ఓదార్పూ అదే, వైద్యమూ అదే. వానలు రాకపోయినా, మిరపకాయలు కోయడానికి ఇల్లు తాళంపెట్టి గుంటూరు వైపు పోవలసి వచ్చినా, కొత్త కోడలికి అత్తగారింటి ఉప్పునీళ్లు పడకపోయినా అదే మాట. చాలాసార్లు నిజమూ అవుతుంది. సైకిల్ సీటు విషయంలో మాత్రం అది సగమే నిజం. ఆ సగమేదో తెలుసుకోకపోతే ఆస్పత్రి మెట్లెక్కాలి.

ఇది ఎద్దుల సంగతి తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. కొత్త కోడెను ఎవరూ నేరుగా మడకకు కట్టరు. ముందు వట్టి కాడి పెట్టి నాలుగడుగులు నడిపిస్తారు, తర్వాత ఖాళీ బండి, ఆ తర్వాతే గుంటక, మడక. కొన్నాళ్లకు మెడ మీది తోలు మందమై కాయ కాస్తుంది. అది అలవాటు. కానీ కాడి ఒకవైపు వంకరగా ఉండి రోజూ ఒకేచోట ఒరుసుకుంటే అక్కడ కాయ కాయదు, పుండు పడుతుంది. తెలిసిన రైతు దాన్ని చూసి ఎద్దుకు ఓర్పు లేదనడు. కాడిని విప్పి వడ్లాయన దగ్గరికి పంపి, ఆ వంకర చెక్కిస్తాడు. మెడకు వేపనూనె రాసి పుండు మానేదాకా కట్టడు.

ఎద్దుకు ఇంత మర్యాద ఇచ్చిన మనం మన ఒంటికి ఇవ్వం. ఆటల్లోకి దిగితే ఇంకా ఇవ్వం. ఓర్చుకున్నవాడే మొనగాడని సైకిల్ పోటీల చరిత్ర కూడా చాలాకాలం పాడుతూ వచ్చింది. ఫ్రాన్స్ వీరుడు లూయిసన్ బోబె 1955లో వరసగా మూడోసారి టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు, సీటు దగ్గర లేచిన గడ్డలతోనే. ఆ తర్వాత శస్త్రచికిత్స చేయించుకోవలసి వచ్చింది. ఆ పోటీ మళ్లీ గెలవలేదు. ఐర్లండుకు చెందిన షాన్ కెల్లీ 1987 స్పెయిన్ పోటీలో అందరికన్నా ముందుండి, ముగింపు ఇంకో మూడు రోజులుందనగా సీటు మీద కూర్చోలేక దిగిపోయాడు. దిగిపోయినందుకు అతన్ని పిరికివాడన్నవాళ్లు ఉండే ఉంటారు. మరుసటి ఏడాది అదే పోటీ గెలిచాడు.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన కథ 1989 జూలై 23నాటిది. టూర్ ద ఫ్రాన్స్ చివరి రోజు, వెర్సాయ్ నుంచి పారిస్‌కు 24.5 కిలోమీటర్లు, ఒక్కొక్కరే గడియారంతో పోటీపడాలి. లొరాన్ ఫిన్యాన్ 50 సెకన్లు ముందున్నాడు. వెనకున్న అమెరికావాడు గ్రెగ్ లెమాండ్ తన హ్యాండిల్‌కు ట్రయథ్లాన్ వాళ్లు వాడే ఏరో బార్లు బిగించుకొని వచ్చాడు. ఫిన్యాన్ ఏరో బార్లు లేకుండా, నెత్తిన టోపీ కూడా లేకుండా, జుట్టు పిలక గాలికి ఎగురుతుండగా తొక్కాడు. సాయంత్రానికి లెమాండ్ 8 సెకన్ల తేడాతో టూర్ గెలిచాడు. అందరూ ఏరో బార్ల గురించి రాశారు. ఫిన్యాన్ ఆ రోజు సీటు పుండుతో కూర్చోలేక కూర్చున్నాడన్నది ఆ కథలో ఒక వాక్యంగా మిగిలింది. పుండే ఓడించిందని నేననను. మూడు వేల పైచిలుకు కిలోమీటర్ల పోటీ 8 సెకన్ల దగ్గర తేలినప్పుడు, కూర్చున్న చోటు మంట ఖరీదు ఎన్ని సెకన్లో ఎవరు లెక్కగట్టగలరు?

సరే, కాయ ఏది, పుండు ఏది?

మొదటి వారాల్లో ఎముకల దగ్గర వచ్చే నొప్పి, ముట్టుకుంటే తెలిసే సలుపు, ఇవి కాయ జాతివి. రోజు విడిచి రోజు కొద్దికొద్దిగా కూర్చుంటే తగ్గుతాయి. ఏరో బార్ల మీద మొదట అయిదు నిమిషాలు ఉండి లేవడం, తర్వాత పది నిమిషాలు, ఇలా పెంచుకుంటూ పోతే కొన్ని వారాల్లో ఒళ్లు దారికొస్తుంది. తొడ సందున ఎర్రగా ఒరిసిపోవడం, వెంట్రుక మూలంలో చీము పట్టడం పుండు జాతివి. వాటికి ఓర్పు పనికిరాదు, వాటికి కారణం వెతకాలి. మూడోది ఇంకా ప్రమాదకరం: తిమ్మిరి. నొప్పి గోల చేస్తుంది, అందువల్ల దాన్నుంచి మనిషి తప్పించుకుంటాడు. తిమ్మిరి నోరెత్తదు. నొప్పి పోయింది, అలవాటైందని మురిసిపోయే లోపల నరం నలుగుతూ ఉంటుంది.

అమెరికాలో సైకిళ్ల మీద గస్తీ తిరిగే పోలీసులు ఈ తిమ్మిరి గురించి మొరపెట్టుకుంటే అక్కడి వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ సీరియస్‌గా తీసుకుంది. 90 మంది పోలీసులకు ముక్కు లేని సీట్లిచ్చి ఆరు నెలలు తొక్కించింది. ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. తొడల నడుమ ఒత్తిడి 66 శాతం తగ్గింది. గడిచిన ఆరు నెలల్లో తిమ్మిరే రాలేదన్నవాళ్లు మొదట 27 శాతం ఉంటే, చివరికి 82 శాతమయ్యారు. ఆ పోలీసుల ఓర్పు ఆరు నెలల్లో పెరగలేదు. సీటు మారింది, అంతే.

ట్రయథ్లాన్ వాళ్లలో ఇప్పుడు ముక్కు చీలిన సీట్లు ఎక్కువ కనిపించేది ఇందుకే. పొట్టిగా, ముందు వెడల్పుగా, నడిమధ్య ఖాళీగా ఉంటాయి. కటి ముందు ఎముకలు రెండు పాయల మీద ఆనుతాయి, నడుమ మెత్తని చోటుకు ఏమీ తగలదు. చూడ్డానికి వికారంగా ఉంటుంది. నా సైకిల్ చూసి బడిపిల్లలు సీటు విరిగిపోయిందనుకున్నారు. దీనిమీద ముందంచునే కూర్చోవాలి కాబట్టి పాత సీటున్న చోటే బిగిస్తే కుదరదు, కొంచెం వెనక్కి జరపాలి, ఎత్తూ మళ్లీ కొలుచుకోవాలి.

ఆ కొలుచుకోవడంలోనే అసలు ఓపిక కావాలి. యాలెన్ కీ పట్టుకొని ఒకసారికి ఒక్కటే మార్చాలి, అయిదు మిల్లీమీటర్లకు మించకూడదు. సీటు మరీ ఎత్తైతే పెడల్ కిందికి పోయినప్పుడల్లా నడుం అటూ ఇటూ ఊగుతుంది, ఒరిపిడి అక్కడే పుడుతుంది. మోచేతి మెత్తలు దూరమైతే వాటిని అందుకోవడానికి మనిషి సీటు ముక్కు మీదికి జారుతూనే ఉంటాడు. నింద సీటు మీద పడుతుంది, నేరం హ్యాండిల్‌ది. మెత్తలు మరీ కిందికి దించినా అంతే, కటి ఇంకా ముందుకు దొర్లుతుంది. ముక్కును ఒకటి రెండు డిగ్రీలు కిందికి వంచితే ప్రాణం లేచొస్తుంది. అదే మందని అయిదారు డిగ్రీలు వంచినవాడు ముందుకు జారి, బరువంతా భుజాల మీద మోసి, ఇంటికొచ్చి మెడ పట్టేసిందంటాడు. నేను మెత్తలను ఎత్తి, దగ్గరికి తెచ్చుకున్నాను. నా వేగం కొంచెం తగ్గిందని గడియారం చెబుతోంది. ఒంగి ఉండలేక మాటిమాటికి లేచి నిలబడి గాలికి అడ్డుపడే వేగంతో పోలిస్తే ఇదే నయం. పదిహేను నిమిషాలకొకసారి మాత్రం లేచి నాలుగు పెడళ్లు నిలబడి తొక్కుతాను. టీ అంగడి పెద్దాయన ఏమైనా అనుకోనీ.

మెత్తదనం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మొదట ఎవరికైనా తోచేది అదే. సీటు గట్టిగా ఉంది కాబట్టి నొప్పి, కాబట్టి జెల్ కవరు. అంగళ్లలోనూ ముందు అదే చూపిస్తారు. కానీ మరీ మెత్తని సీటులో ఎముకలు దిగబడిపోతాయి, దిగబడ్డ కొద్దీ నడుమ భాగం పైకి ఉబికి అదే మెత్తని చోటును నొక్కుతుంది. పావుగంట పరుపులా ఉండి, గంటకు శిక్ష అవుతుంది. నిక్కరు సంగతీ ఇలాంటిదే. ఆదోని చుట్టుపక్కల పుట్టి పత్తిని కాదనడం ఎంత కష్టమో ఊహించుకోండి. దేశంలో పేరున్న పత్తి మార్కెట్టు మాది, మా ఇళ్లల్లో పుట్టుకకూ చావుకూ అదే బట్ట. అయినా ఈ ఒక్క పనికి పత్తి పనికిరాదు. చెమట పీల్చుకొని తడిగా ఉండిపోతుంది, తడి గుడ్డ చర్మాన్ని ఒరుస్తుంది. మే నెలలో నలభై దాటిన ఎండలో, రోడ్డు దుమ్ముతో కలిసి అది ఉప్పుకాగితమే. కాబట్టి కుట్లు చర్మానికి తగలని నైలాన్ నిక్కరు, కింద ఇంకేమీ లేకుండా. దిగగానే విప్పి, స్నానం. ఒరిసే చోట ముందే ఏదైనా క్రీము. “టెంకాయ నూనె ఉండగా ఆ డబ్బాకు అంత రేటా?” అని మా అమ్మ అడిగింది. చిన్న దూరాలకు నూనే వాడుతున్నాను. అమ్మ మాటకు నేను పరీక్షలు పెట్టలేదు.

ఇవన్నీ తెలుసుకోవడం కన్నా కష్టం అడగడం. మోకాలు నొప్పైతే వీధిలో ఎవరికైనా చెబుతాం. ఇది చెప్పాలంటే గొంతు తగ్గుతుంది, పక్కకు చూస్తాం. మగవాళ్లు దాన్ని నవ్వులాటగా మార్చి తప్పించుకుంటారు. ఆడవాళ్లకు ఆ దారి కూడా లేదు. బ్రిటన్ మహిళా సైక్లిస్టులు ఏళ్ల తరబడి వాపులు, పుండ్లు దిగమింగుకున్నారు. అక్కడి సంఘం రియో ఒలింపిక్స్‌కు ముందు నిపుణులను కూర్చోబెట్టి అడిగించాకే విషయం బయటపడింది. సీటును ముందుకు వంచుకునే వాలు మీద ఉన్న నిబంధనను సడలించమని అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐని ఒప్పించారు. పతకాలు గెలిచే జట్టులోనే సిగ్గు అంత పని చేస్తే, మా మండలంలో అమ్మాయిల మాటేమిటి? ‘బడికొస్తా’ పథకం కింద ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు. మంచి పని. పొడుగు పిల్లా పొట్టి పిల్లా అందరూ సీటు లారీలో ఎలా వచ్చిందో అలాగే పెట్టుకొని తొక్కడం నేను చూశాను. రెంచితో అర నిమిషం పని. ఆ అర నిమిషం ఎవరూ కేటాయించలేదు, పిల్లలూ అడగలేదు.

ఎమ్మిగనూరు వైపు చూస్తే ఇంకో రకం కూర్చోవడం ఉంది. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టి ఆ ఊరికి పేరు తెచ్చాడు, 1954లో పద్మశ్రీ అందుకున్నాడు. గుంట మగ్గం మీద నేతగాడు కాళ్లు గుంతలో పెట్టి, అంచున పలక మీద రోజుకు ఎన్నో గంటలు కూర్చుంటాడు. నా సీటు నాకు వారానికి కొన్ని గంటల సరదా, నచ్చకపోతే దిగిపోవచ్చు. అతని పలక బతుకుతెరువు. నియోష్ ఆ పరిశోధన చేసింది ఆటగాళ్ల కోసం కాదు, ఉద్యోగం చేసుకునేవాళ్ల కోసం అన్న సంగతి నాకు మళ్లీ మళ్లీ గుర్తొస్తుంది. సీటు కంపెనీలు ప్రయోగశాలల్లో ఒత్తిడి కొలిచి, డబ్బున్న ఆటగాడి కోసం మిల్లీమీటర్లు చెక్కుతున్నాయి. ఆ కొలత పరికరం ఒక్క నెల ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర పెట్టినా, పలక మీది గోనెసంచి మడత కన్నా మేలైన ఆసనం తయారవుతుంది. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో చివరి సంవత్సరం ప్రాజెక్టుకు అంశం దొరకలేదనే కుర్రాళ్లకు నేను ఇదే చెబుతుంటాను. ఇంకా ఎవరూ తీసుకోలేదు.

మీలో ఆదోనిలోనో, ఎమ్మిగనూరులోనో, ఆలూరులోనో ఎవరైనా ఇలాంటి సైకిల్ కొని కూర్చోలేక అవస్థ పడుతుంటే మౌనంగా ఓర్చుకోకండి. తిమ్మిరెక్కితే ఆ క్షణమే లేచి నిలబడండి. దిగాక కూడా స్పర్శ తిరిగి రాకపోయినా, గడ్డ లేచి జ్వరం తగిలినా డాక్టరు దగ్గర గొంతు తగ్గించకుండా చెప్పండి. కొత్త సీటు కొనేముందు మాత్రం ఒక ఆదివారం పొద్దున్నే హాలహర్వి రండి. నాకు నప్పని సీట్లు అటక మీద ఉన్నాయి, యాలెన్ కీ నా దగ్గర ఉంది. బిగించుకొని బళ్లారి రోడ్డులో నాలుగు కిలోమీటర్లు తొక్కి చూడండి. నప్పితే తీసుకుపొండి.